అడ్డపొగ

"పుండు ఎప్పట్నుంచమ్మా?"

"పెద్దపండగ కాడ్నించి బాబూ. కారం తగిల్తే సుర్రుమంటాది."

"చుట్ట కాలుస్తావా?"

"అడ్డపొగే బాబూ."

విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలో 1930లలో ఇలాంటి మాటలు ఎన్నిసార్లు నడిచాయో! ఇవి నేను ఊహించి రాసినవి. రుషికొండ నుంచి భీమిలి దాకా ఏ జాలరిపేట ఆడమనిషి నోట పెట్టినా నప్పుతాయి. రోగం మాత్రం కల్పన కాదు.

పుండు నాలుక మీదా కాదు, బుగ్గలోనూ కాదు. గట్టి అంగిలి మీద. మిగతా ప్రపంచంలో అక్కడ క్యాన్సర్ రావడం అరుదు. విశాఖ తీరంలో ఇది కనిపిస్తోందని కిణి, సుబ్బారావు అనే డాక్టర్లు 1937లోనే ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. 1945లో బొంబాయి నుంచి ఖానోల్కర్, సూర్యాబాయి ఈ సంగతి అమెరికా పత్రికకెక్కించారు.

అడ్డపొగ తాగేవాళ్లు చుట్ట ముట్టించి రెండు దమ్ములు మామూలుగా లాగుతారు. బాగా అంటుకున్నాక తిప్పి, నిప్పున్న కొసను నోట్లో పెట్టి పెదాలు మూసేస్తారు. బూడిద ఉమ్మేస్తారు, లేదంటే మింగేస్తారు. ఆ వేళ నోట్లో గాలి వేడి 120 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లగలదని కొలిచినవాళ్లు తేల్చారు. తలచుకుంటేనే మనకి నాలుక కాలుతుంది గానీ, ఆ ఆడవాళ్లకి వాళ్ల లెక్కలున్నాయి. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, తడి చేతులతో పట్టుకునే పని లేదు, చంకలో బిడ్డ మీద నిప్పురవ్వ రాలదు. నెత్తిన చేపల గంప మోసేవాళ్లకి ఇంతకన్నా వాటమైన పొగ ఏముంటుంది? దీన్ని తెలివితక్కువతనం అనడానికి నాకు మనసొప్పదు.

1957లో గోవిందరెడ్డి, రావు తమ వ్యాసం శీర్షికలోనే తేల్చి చెప్పారు: కోస్తాంధ్రలో అంగిటి క్యాన్సర్‌కి కారణం నిప్పు లోపల పెట్టి కాల్చే చుట్టలే. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా బృందం మన రాష్ట్రంలోని పల్లెల్లో 10,169 మంది నోళ్లు తెరిపించి చూసి, అంగిటి మీది మచ్చల్ని వరస పెట్టింది. తర్వాత శ్రీకాకుళంతో పాటు ఎర్నాకులం, భావ్‌నగర్ జిల్లాల్లో 36 వేలకు పైగా పొగాకు వాడేవాళ్లను కలిసి, మానమని నచ్చజెప్పి, ఏళ్ల తరబడి పరీక్షించారు. ఆ ఫలితాలు 1986లో లాన్సెట్‌లో వచ్చాయి. చెప్పించుకున్నవాళ్లలో కొందరు నిజంగానే మానేశారు, కొందరు తగ్గించారు. నోట్లో కొత్త మచ్చలూ తగ్గాయి.