నాలుగు పాత పీసీలు, ఒక హైదరాబాద్ కథ

మునగాలలో మా ఇంట్లో, ఈ టేబుల్ కింద నాలుగు సెకండ్ హ్యాండ్ పీసీలు కనిపిస్తున్నాయా? ఇదే నా సూపర్ కంప్యూటర్. నవ్వకండి, దీని వెనక పెద్ద కథే ఉంది.

1980ల్లో మనకు క్రే సూపర్ కంప్యూటర్లు అమ్మడానికి అమెరికా బోలెడు ఆంక్షలు పెట్టింది. అప్పుడు హైదరాబాద్‌లో, 1988లో మొదలైన డీఆర్‌డీఓ ల్యాబ్ 'అనురాగ్' ఏం చేసిందో తెలుసా? మార్కెట్లో దొరికే మోటరోలా చిప్‌లనే బోలెడన్ని కలిపి, విమానం చుట్టూ గాలి ఎలా పోతుందో లెక్కగట్టే 'పేస్' మెషీన్ తయారుచేసింది.

1994లో నాసాలో స్టెర్లింగ్, బెకర్ ఇంకా చవక దారి చూపించారు. 16 మామూలు 486 పీసీలు, ఈథర్‌నెట్ వైర్లు, ఉచితంగా దొరికే లినక్స్. అదే 'బేవుల్ఫ్'. నా టేబుల్ కింద ఉన్నది దాని మనవడే.

అయితే నాకు నాలుగింతల స్పీడ్ మాత్రం రాలేదు. ఒక పీసీ లెక్క కోసం ఇంకోటి ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అందుకే డబ్బులు పెట్టేముందు, పనిని విడివిడి ముక్కలు చేయడం నేర్చుకోండి. అది ఫ్రీ!