చిగుళ్ల వ్యాధికి స్థానిక ఔషధ ప్రయోగం: ఒక చారిత్రక పరిశీలన

చిగుళ్ల నుంచి నెత్తురు, చీము కారి పళ్లు కదలడాన్ని సుశ్రుతసంహిత 'దంతవేష్టం' అని పేర్కొంది. మందుపొడిని చిగుళ్లపై రుద్దే ప్రతిసారణం, ఔషధ ద్రవాన్ని నోట పట్టి ఉంచే గండూషం అందులోని చికిత్సలే. కనుక వ్యాధి ఉన్నచోటనే మందు ఉండాలన్న భావన కొత్తది కాదు. ఆ మందును అక్కడ ఎంతసేపు నిలపగలమన్నదే అసలు చిక్కు.

వ్యాధి ముదిరితే పంటికీ చిగురుకూ నడుమ లోతైన సందు ఏర్పడుతుంది. 5 మిల్లీమీటర్ల సందులో ఊరే ద్రవం గంటకు సుమారు 40 సార్లు మారుతుందని అంచనా. పుక్కిలించిన మందు అంత లోతుకు చేరదు, చేరినా నిలవదు. మాత్ర మింగితే ఆ కాస్త సందు కోసం దేహమంతటికీ మందు పంపవలసి వస్తుంది.

ఈ చిక్కును విప్పడానికి తోడ్పడిన ఔషధ కుటుంబానికి గోదావరి సీమతో సంబంధం ఉంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధన సంచాలకులుగా ఉన్న కాలంలో, బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. టెట్రాసైక్లిన్లలో మొదటిదైన ఆ ఔషధం 1948లో వెల్లడైంది. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. ఈ ఆవిష్కరణను ఆయన ఒక్కరికే కట్టబెట్టడం తెలుగునాట తరచు కనిపిస్తుంది. అది డగ్గర్‌కు అన్యాయం. పరిశోధనను నడిపించిన సుబ్బారావు ఘనతకు ఆ అతిశయోక్తి అవసరమూ లేదు.

1979లో మాక్స్ గుడ్‌సన్ బృందం టెట్రాసైక్లిన్ నింపిన బోలు పోగులను చిగుళ్ల సందులో ఉంచింది. మందు త్వరగానే బయటికి వచ్చేసింది. ఆ తరువాత మందునే కలిపి తీసిన ప్లాస్టిక్ పోగు సుమారు 10 రోజులు పనిచేసింది. 1994లో అమెరికాలో దానికి అనుమతి లభించింది. అయితే పోగును తీయించుకోవడానికి రోగి మళ్లీ వైద్యుని వద్దకు రావాలి. అందువల్ల లోపలే కరిగిపోయే డాక్సీసైక్లిన్ జెల్, మినోసైక్లిన్ సూక్ష్మగోళాలు వచ్చాయి.

2022 వరకు భీమవరంతో పాటు పశ్చిమగోదావరి జిల్లాలోనే ఉండి, నేడు ఏలూరు జిల్లాలో చేరిన జంగారెడ్డిగూడెం పొగాకు వేలానికి పేరుపడ్డ ఊరు. పొగాకు ప్రస్తావన ఇక్కడ అప్రస్తుతం కాదు. పొగ తాగేవారి చిగుళ్లలో రక్తస్రావం తగ్గి వ్యాధి మరుగున పడుతుంది. చికిత్సకు స్పందన కూడా తక్కువే. అటువంటి నోట గార తీయకుండా ఎంత మంచి మందు పెట్టినా ఫలితం నిలవదు. సుశ్రుతుడు చెప్పిన క్రమమూ ఇదే: చిగుళ్లకు గాయం కాకుండా ముందు దంతశర్కరను తొలగించాలి, ఆ తరువాతే తేనెతో కలిపిన లక్కపొడి రుద్దాలి.