నాసికా వాయుకుహరములు: నిర్మాణభేదములు, శస్త్రచికిత్స

మానవకపాలమున ముక్కును పరివేష్టించి వాయుపూరితములైన కుహరములు నాలుగు జతలు కలవు. పైదవడ, నొసలు, ఎత్మాయిడ్, స్ఫీనాయిడ్ ఎముకలలో నుండు వీనిని సైనసులందురు. వీని పరిమాణమును ఆకృతియు వ్యక్తి వ్యక్తికిని మాఱుటయే కాక, ఒకే వ్యక్తియందు కుడియెడమలకు సైతము భేదించును. నొసటి సైనసు కొందఱికి ఒకవైపున అసలే యేర్పడదు. ఈ భేదములు స్వతః రోగములు కావు. అయినను ప్రక్కన కనుగూడును, మీద మెదడును, వెనుక కెరోటిడ్ ధమనియు నుండగా, నడుమనున్న యిఱుకుచోట పరికరము నడుపు శస్త్రవైద్యునకు వీని యెఱుక లేనిదే అడుగు సాగదు.

చిరకాలము ఈ చరిత్ర శవచ్ఛేదకుల చరిత్రగానే నడచినది. లియొనార్డో డా విన్చి 1489లో గీసిన కపాలచిత్రములలో పైదవడ కుహరము స్పష్టముగ కానవచ్చును గాని, దాని ఖ్యాతి 1651లో దానిని వర్ణించిన ఆంగ్లవైద్యుడు నెథానియల్ హైమోర్‌కు దక్కినది. పన్ను తీయించుకొనగా ఏర్పడిన రంధ్రమున ఒక స్త్రీ పక్షియీకను దూర్చి, అది నిరాటంకముగ లోనికి పోవుట గాంచి, మెదడును చేరెనని భీతిల్లిన వృత్తాంతమును ఆతడు చెప్పియున్నాడు. కనుగూటి అడుగున నుండు ఎత్మాయిడ్ అరలకు పదునెనిమిదవ శతాబ్దపు హాలర్ పేరు నిలిచినది. 1882లో ఎమిల్ జుకర్‌కాండ్ల్ ప్రకటించిన గ్రంథము నాసికానిర్మాణమును, దాని వికారములను సవిస్తరముగ క్రోడీకరించినది.

ఇక బుడాపెస్టు వైద్యుడు అడోల్ఫ్ ఓనోడి ఇరువదవ శతాబ్ది ఆరంభమున గమనించిన విషయము వీనియన్నిటికంటె గంభీరమైనది. ఎత్మాయిడ్ అరలలో కడపటిది కొందఱియందు స్ఫీనాయిడ్ సైనసు మీదికి ప్రాకి, దృష్టినాడిని ఆనుకొనియుండును. అట్టిచోట, ఆ అర వెనుకగోడను ఛేదించినచో స్ఫీనాయిడ్ లభించునని తలంచు వైద్యుడు దృష్టినాడినే గాయపఱుపగలడు. స్ఫీనాయిడ్ సైనసు నిజమునకు ఆ అరకు దిగువను, మధ్యరేఖ వైపునను ఉండును.

1893లో కాల్డ్‌వెల్, 1897లో లూక్ వర్ణించిన రీతిని పెదవి క్రిందుగ పైదవడ సైనసును తెఱచుట అంత కష్టము కాలేదు. ఎత్మాయిడ్ విషయము వేఱు: ముక్కులోనుండి దానిని తొలగించుట రోగిని చంపుటకు మిక్కిలి సులభమైన మార్గములలో నొకటియని అమెరికా వైద్యుడు హారిస్ మోషర్ 1929లో హెచ్చరించెను. చూపు సరిగ అందని చోట చేతిస్పర్శనే నమ్ముకొనవలసివచ్చుట ఇందులకు ముఖ్యహేతువు.

1962లో పీటర్ కెరోస్ ఘ్రాణనాడులు దిగు పల్లమును కొలిచి, 1 నుండి 3 మిల్లీమీటర్లు, 4 నుండి 7, 8 నుండి 16 అని మూడు తరగతులు చేసెను. లోతు హెచ్చినకొలది, మెదడునకును ముక్కునకును నడుమనున్న అతిపలుచని ప్రక్కయెముక పరికరమునకు ఎక్కువగ ఎదురగును. అది పగిలినచో మెదడు చుట్టునుండు ద్రవము ముక్కునుండి స్రవించును. ఇంత చిన్న కొలత ఇంతగా ఉపకరించుట శస్త్రవైద్యమున అరుదు.

హాప్కిన్స్ రూపొందించిన కటకవ్యవస్థ గల ఎండోస్కోపుతో గ్రాట్జ్‌లో మెసర్‌క్లింగర్ సజీవనాసికను పరిశీలించి, 1978లో గ్రంథము వెలువరించెను. ఆయన శిష్యుడు స్టామ్‌బెర్గర్, అమెరికాలో కెనడీ 1980ల మధ్యకాలమున ఎండోస్కోపుతో శస్త్రచికిత్స చేయు మార్గమును ప్రచారము చేసిరి. అంతకు ముందే వచ్చిన సి.టి. స్కాను, శవములలో మాత్రమే కనబడిన భేదములను ప్రతి రోగియందును ముందుగ చూపనారంభించెను. అయితే దానితో ఒక అతియు ప్రబలినది: గాలి నిండి ఉబ్బిన మధ్యశుక్తికను (ముక్కు ప్రక్కగోడనుండు నడిమి యెముక మడతను), వంకరపోయిన నాసాకుడ్యమును (ముక్కు నడిమి గోడను) చూచినంతనే రోగకారణములనుట. ఆరోగ్యవంతులలోను అవి తఱచుగ కానవచ్చునవే కనుక, చిత్రమును మాత్రమే చూచి కత్తి పట్టుట యుక్తము కాదు.

స్కాను నిజముగ ఉపకరించు సందర్భమొకటి కలదు: స్ఫీనాయిడ్ లోపలి అడ్డుగోడ కొన్ని యెడల మధ్యరేఖను విడిచి, కెరోటిడ్ ధమనిని కప్పియున్న ఎముకకు అతుకుకొనియుండును. స్కానులో ఇది కనబడినచో, గోడను పట్టి మెలిపెట్టి విఱుచుట మాని, కోయు పరికరముతోనో డ్రిల్లుతోనో కొలదికొలదిగ తీయుదురు.