విధినిర్వహణ పిస్తోళ్లు: రక్షణపూత, అరుగుదల - చారిత్రక సాక్ష్యంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

సైనికులు విధినిర్వహణలో ధరించిన పిస్తోళ్లకు తుప్పు పట్టకుండా వేసిన పూతలు, వాటిపై వాడుక మిగిల్చిన అరుగుదల చరిత్రకారునికి ఎంతవరకు ఆధారాలుగా ఉపకరిస్తాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1911లో అమెరికా సైన్యం స్వీకరించిన ఎం1911 పిస్తోలును ప్రధాన ఉదాహరణగా తీసుకొని, పూతను తిరిగి వేయడం ఎప్పుడు చరిత్రలో భాగమవుతుందో, ఎప్పుడు చరిత్రను చెరిపివేస్తుందో వివేచిస్తుంది.

కీలకపదాలు: రక్షణపూత, తుప్పు, నీలిపూత, ఫాస్ఫేట్ పూత, అరుగుదల, ఆయుధాగారం, వస్తుసంస్కృతి, పరిష్కరణ.

1. ఉపోద్ఘాతం

తాళపత్రప్రతిని పరిశీలించే పరిశోధకుడు అందులోని పాఠంతోనే ఆగిపోడు. ఆకుల అంచులు ఎంత అరిగాయి, తాడు గుచ్చిన రంధ్రం ఎంత సాగింది, దిద్దుబాట్లు ఎన్ని చేతులవి అని కూడా చూస్తాడు. పాఠం కవి గురించి చెబితే, ఈ గుర్తులు ఆ ప్రతి ఎవరి మధ్య ఎలా మెలిగిందో చెబుతాయి. లిఖితాధారాలు లేని లోహవస్తువుల విషయంలో ఈ రెండో రకం సాక్ష్యం మరింత విలువైనది.

సైనిక పిస్తోలు ఈ పరిశీలనకు అనువైన వస్తువు. దాన్ని ఏళ్ల తరబడి నడుముకు ధరిస్తారు. పేల్చే సందర్భాలు మాత్రం తక్కువ. చెమట, వాన, బురద, తోలు ఒర రాపిడి దానికి నిత్యకృత్యం. దానిపై ముద్రించిన వరుససంఖ్య తయారీదారునీ, తయారైన కాలాన్నీ తెలుపుతుంది. ఆ తరువాత అది ఎలాంటి జీవితం గడిపిందన్నది చాలావరకు దాని ఉపరితలం మీదే వెతుక్కోవాలి.

2. పూత స్వభావం

ఇనుము తేమతోనూ గాలిలోని ఆక్సిజన్‌తోనూ కలిసి తుప్పుగా మారుతుంది. ఈ ఎర్రని తుప్పు గుల్లగా ఉండి తేమను లోపలికి రానిస్తుంది. అందువల్ల ఒకసారి మొదలైన క్షయం తనంత తాను ఆగదు. చెమటలోని ఉప్పు దాన్ని మరింత వేగవంతం చేస్తుంది.

నీలిపూత ఈ క్షయాన్ని అదే ఇనుముతో అడ్డుకునే ఉపాయం. ఉక్కు ఉపరితలాన్ని మాగ్నటైట్ అనే నల్లని ఐరన్ ఆక్సైడుగా మార్చడమే దీని సారాంశం. పాత పద్ధతిలో పనివారు ఉక్కుకు కావాలనే పలుచగా తుప్పు పట్టించి, మరిగే నీటిలో ముంచేవారు. ఎర్ర తుప్పు నల్లబడేది. వదులుగా ఉన్న పొడిని తీగ కుంచెతో రాలగొట్టి, చాలినంత రంగు వచ్చేవరకు మళ్లీ మళ్లీ ఇదే పని చేసేవారు. ఈ పొర చాలా పలుచనిది. అది ఒంటరిగా ఇచ్చే రక్షణ స్వల్పం. తనలో పట్టి ఉంచే నూనె వల్లనే దానికి బలం. అంటే నీలిపూత ఉన్న ఆయుధానికి నిత్యం తుడిచి నూనె రాసే మనిషి కావాలి. ఈ పూత ఎలా నిలిచింది, ఎక్కడ చెడింది అన్నది ఆ మనిషి శ్రద్ధకు కూడా సాక్ష్యం.

3. మెరుగు నుంచి మసకకు

జాన్ మోజెస్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన ఎం1911ను అమెరికా సైన్యం 1911 మార్చి 29న స్వీకరించింది. కోల్ట్ సంస్థ తొలినాళ్లలో తయారు చేసిన పిస్తోళ్లకు అద్దంలా మెరుగుపెట్టి నీలిపూత వేసేది. శాంతికాలపు తీరిక, చేతిపని మీది గౌరవం ఆ మెరుగులో కనిపిస్తాయి. మొదటి ప్రపంచయుద్ధం గిరాకీని ఒక్కసారిగా పెంచింది. 1918 నాటి ప్రతులలో మెరుగు తగ్గింది, మసక నలుపు పూత వచ్చింది. సంగ్రాహకులు వీటిని 'బ్లాక్ ఆర్మీ' అని పిలుస్తారు. గరుకు ఉపరితలం మీది ఈ పూత సులువుగా రాలుతుంది. ఇలాంటి పిస్తోలులో పూత రాలడం అధిక వాడుకకే గుర్తని తీర్మానిస్తే పొరపాటవుతుంది; అందులో యుద్ధకాలపు తొందర పాలు కూడా ఉంది.

ఈలోగా మరొక మార్గం సిద్ధమైంది. ఇంగ్లండుకు చెందిన థామస్ వాట్స్ కాస్లెట్ ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఉక్కుకు పూత వేసే పద్ధతికి 1906లో పేటెంటు పొందాడు. దానిపై ఆధారపడి 1915లో అమెరికాలో పార్కర్ సంస్థ ఏర్పడింది. ఆ పేరుతోనే ఈ పద్ధతి 'పార్కరైజింగ్'గా ప్రసిద్ధమైంది. ఫాస్ఫేట్ స్ఫటికాల మధ్య ఉండే సూక్ష్మమైన ఖాళీలు నూనెను పీల్చి నిలుపుకుంటాయి. రంగు బూడిదవర్ణం, వెలుగులో తళుక్కుమనదు. ముందుగా నునుపుగా మెరుగుపెట్టవలసిన పని లేదు.

రెండో ప్రపంచయుద్ధంలో ఈ సౌలభ్యం నిర్ణాయకమైంది. అప్పటికి చిన్న మార్పులతో ఎం1911ఎ1గా మారిన పిస్తోలును టైపురైటర్ల సంస్థ రెమింగ్టన్ రాండ్, రైల్వే సిగ్నళ్ల సంస్థ యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్, వేట తుపాకుల సంస్థ ఇథాకా కూడా తయారు చేశాయి. కుట్టుమిషన్ల సింగర్ సంస్థ తయారు చేసినవి 500 మాత్రమే; వాటికి నీలిపూత ఉంది. యుద్ధకాలంలో తయారైన వాటిలో అత్యధికం ఫాస్ఫేట్ పూత గలవి. మెరుగుపని అలవాటు లేని కర్మాగారాలు సైతం లక్షల సంఖ్యలో ఆయుధాలు అందించగలగడంలో ఈ మసకపూత పాత్ర గణనీయం.

4. అరుగుదలను చదవడం

నిజమైన అరుగుదలకు ఒక తర్కం ఉంటుంది. ఒరలోకి దూర్చి తీసిన ప్రతిసారీ తోలు రాసుకునే చోట, అంటే స్లైడ్ ముందుకొన వద్ద, దాని అంచుల వెంట పూత పోతుంది. అరచేయి ఆనే పిడి ముందు, వెనుక భాగాలు చెమటకు రంగు మారతాయి. బొటనవేలు కదిపే మీట అంచు తెల్లబడుతుంది. వేలు తగలని మూలల్లో, లోతైన గాడుల్లో పూత నిలిచి ఉంటుంది.

బయటి అంచులు బాగా అరిగి, గొట్టంలోని మరలు మాత్రం పదునుగా ఉంటే ఆ పిస్తోలును ఎక్కువగా ధరించారనీ, తక్కువగా పేల్చారనీ ఊహించవచ్చు. ఒకే పక్కన చిన్న చిన్న గుంటలు ఏర్పడితే తోలు ఒరలో చాలాకాలం పడి ఉండి ఉండవచ్చు. తోలు తేమను పీల్చుకుంటుంది. దాన్ని పదును చేయడంలో వాడిన రసాయనాలు లోహాన్ని తింటాయి. తుప్పుగుంటల అడుగున కూడా పూత నిండుగా ఉంటే తుప్పు ముందు, ఆ పూత తరువాత అని అర్థం. పూత మీద తుప్పు లేచి ఉంటే క్రమం తలకిందులవుతుంది. తవ్వకాలలో పొరల క్రమం కాలనిర్ణయానికి ఎలా తోడ్పడుతుందో ఇక్కడా అలాగే తోడ్పడుతుంది.

కృత్రిమంగా అరగదీసిన వస్తువులో ఈ తర్కం లోపిస్తుంది. ఎక్కువ రాపిడికి గురయ్యే అంచు, రాపిడి తగలని మూల ఒకే తీరున అరిగి కనిపిస్తాయి. అయితే ఒకే గుర్తును చూసి తీర్పు చెప్పరాదు. పూత రకం, తయారీకాలం, ముద్రలు, లోపలి భాగాల స్థితి పరస్పరం పొసగినప్పుడే నిర్ణయానికి బలం చేకూరుతుంది.

5. రెండు రకాల దిద్దుబాటు

ఎం1911 శ్రేణి పిస్తోళ్లు ఎన్నో ఆయుధాగారాలకు తిరిగి వెళ్లాయి. అక్కడ వాటిని విడదీసి, అరిగిన భాగాలు మార్చి, కొత్తగా ఫాస్ఫేట్ పూత వేసి మళ్లీ సైన్యానికి ఇచ్చారు. రాక్ ఐలండ్, అగస్టా వంటి ఆయుధాగారాలు తమ పేరులోని తొలి అక్షరాలను వాటిపై ముద్రించేవి. దీనివల్ల 1918 నాటి చట్రం మీద తరువాతి కాలపు స్లైడ్, రెండింటి మీద ఒకే బూడిదరంగు పూత ఉన్న పిస్తోళ్లు కనిపిస్తాయి. తొలి రూపం పోయినంత మాత్రాన ఇవి నకిలీలు కావు. సంస్థ తన అవసరానికి చేసిన దిద్దుబాటు, దానికి వేసిన ముద్ర ఆ ఆయుధపు సేవాచరిత్రలో ఒక అధ్యాయం.

సేవాకాలం ముగిశాక సంగ్రాహకుడో వర్తకుడో అందం కోసం వేయించే కొత్త నీలిపూత సంగతి వేరు. దానికి ముందు చేసే మెరుగుపని ముద్రిత అక్షరాల అంచులను మొద్దుబారుస్తుంది, మరరంధ్రాల అంచులను సాగదీస్తుంది. దశాబ్దాల రాపిడి కొన్ని గంటల్లో మాయమవుతుంది.

ఇక్కడ తెలుగు గ్రంథపరిష్కరణ చరిత్ర ఒక తేడాను స్పష్టం చేస్తుంది. సి.పి. బ్రౌన్ పలు వ్రాతప్రతులు సేకరించి, పండితులచేత పాఠాలు పోల్చి చూపించి శుద్ధప్రతులు రాయించాడు. ఆ పరిష్కరణతో విభేదించే పరిశోధకునికి, మూలప్రతి మిగిలి ఉన్నంతవరకు, దానివద్దకు తిరిగి వెళ్లే అవకాశం ఉంటుంది. లోహం విషయంలో శుద్ధప్రతి, మూలప్రతి ఒకే వస్తువు. ఒకటి సిద్ధమైతే రెండోది నశించినట్లే. అతిపునరుద్ధరణను వ్యతిరేకిస్తూ 1877లో విలియం మోరిస్ ఇంగ్లండులో స్థాపించిన ప్రాచీన కట్టడాల రక్షణసంఘానికి 'గీకుడు వ్యతిరేక' సంఘమన్న అర్థం గల ముద్దుపేరు వచ్చింది. రాతిగోడల విషయంలో వారు చేసిన వాదన ఉక్కుకూ వర్తిస్తుంది.

6. జ్ఞాపకం తగ్గిన లోహం

1965లో స్మిత్ అండ్ వెసన్ సంస్థ మోడల్ 60 పేరుతో స్టెయిన్‌లెస్ ఉక్కు రివాల్వర్‌ను తెచ్చింది. తుప్పును ఎదిరించే గుణం పూత నుంచి లోహంలోకే వెళ్లింది. 1982లో ఆస్ట్రియా సైన్యం ఎంచుకున్న గ్లాక్ 17లో చట్రం పాలిమర్‌ది. దాని ఉక్కు భాగాలకు నత్రజని, కర్బనం ఉపరితలంలోకి ఇంకేలా చేసే టెనిఫర్ ప్రక్రియను వాడారు. పైన కనిపించే నలుపు పోయినా లోపల గట్టిపడిన పొర రక్షణనిస్తూనే ఉంటుంది. నీలిపూతలో రంగు పోతే రక్షణ కూడా పోయినట్లే. కొత్త ప్రక్రియలో ఆ రెండింటి సంబంధం తెగిపోయింది. ధరించేవారికి ఇది మేలు. భావి చరిత్రకారునికి మాత్రం వస్తువు ఇచ్చే సాక్ష్యం తగ్గుతుంది.

7. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

- రక్షణపూత తన కాలపు సాంకేతికతకూ, ఉత్పత్తి ఒత్తిడికీ సాక్ష్యం. పూత రకం తెలియకుండా అరుగుదలను అంచనా వేయరాదు.
- నిజమైన అరుగుదల వాడుక తర్కాన్ని అనుసరిస్తుంది. పూత, తుప్పు, రాపిడి పొరల క్రమం ఆ వాడుకను కాలక్రమంలో పెడుతుంది.
- సేవాకాలంలో ఆయుధాగారం వేసిన పూతను చరిత్రలో భాగంగా భద్రపరచాలి. తరువాత అందం కోసం వేసే పూత ఆధారాన్ని నాశనం చేస్తుంది.

అందువల్ల ప్రదర్శనశాలలు చురుకైన తుప్పును ఆపడానికి అవసరమైనంతవరకే జోక్యం చేసుకొని, అరుగుదలను యథాతథంగా ఉంచడం, చేసిన ప్రతి పనినీ నమోదు చేయడం సముచితం. అరిగిన పిస్తోలులో లోపంగా కనిపించే తెల్లని అంచు, పేరు నమోదు కాని ఒక సైనికుడు మిగిల్చిన ఏకైక రాత కావచ్చు.