వ్యూఫైండర్ ఎంపిక: మీడియం ఫార్మాట్ ఫిల్మ్ కెమెరా, నిజామాబాద్–బోధన్ ప్రయాణాలు

120 ఫిల్మ్ వాడే కెమెరాల్లో హసెల్‌బ్లాడ్, మామియా సీ330, పెంటాకాన్ సిక్స్ వంటివాటికి వ్యూఫైండర్ ఊడదీసి మార్చుకోదగ్గ భాగం. ఇంట్లో రెండు మూడు రకాలు ఉన్నా, బస్సెక్కేటప్పుడు సాధారణంగా ఒకటే వెంట వస్తుంది. ఏది తీసుకెళ్లాలన్నది వెళ్లే చోటి ఎండ, అక్కడ తీయబోయే వస్తువు తేల్చాలి. నిజామాబాద్ పట్టణం, బోధన్ చెరకు ప్రాంతం దృష్టిలో పెట్టుకుని ఆ ఎంపికను ఇక్కడ పరిశీలించడమైనది.

పూర్వరంగం

ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలంలో నల్లగుడ్డ కింద దూరి, గాజుపలక మీద తలకిందులైన బొమ్మను చూసి తీసేవారు. ఆయన కొలువులో చేరిన ఏడాది 1884 అని కొందరు, 1885 అని కొందరు రాశారు. రెండోదే ఎక్కువగా కనిపిస్తుంది. జర్మనీ రోలీఫ్లెక్స్ (1929) రెండు లెన్సులతో ఈ అవస్థను సగం తీర్చింది: తెర మీద బొమ్మ నిటారుగా నిలిచింది, కుడిఎడమలు మాత్రం తారుమారుగానే ఉండిపోయాయి. 1948లో వచ్చిన హసెల్‌బ్లాడ్ 1600ఎఫ్‌లోనూ, 1957 నాటి 500సీలోనూ అంతే. కంటికి ఆనించి చూసే ప్రిజం ఫైండర్ తగిలిస్తే ఆ తారుమారు సరి అవుతుంది. బరోడాలో తయారై మన మధ్యతరగతి ఇళ్లలోకి చేరిన ఆగ్ఫా క్లిక్ త్రీకి ఈ చర్చ వర్తించదు. దానిది తీసి పెట్టే వీలులేని చిన్న అద్దపు కిటికీ.

ఎండ

వెయిస్ట్ లెవెల్ ఫైండర్ అంటే నాలుగు రేకులు మడత విప్పుకుని నిలబడే గూడు, అడుగున గ్రౌండ్ గ్లాస్. పైభాగం తెరిచే ఉంటుంది కనుక ఏప్రిల్ మధ్యాహ్నం నిజామాబాద్ మార్కెట్ యార్డులో నడినెత్తి ఎండ తిన్నగా తెర మీదే పడి బొమ్మ వెలిసిపోతుంది. గూడులోని భూతద్దం పైకెత్తి కన్ను ఆనించడం సగం మందు. తలమీద తువాల కప్పుకోవడం మిగతా సగం. (దీన్‌దయాళ్ గుడ్డ మళ్లీ వచ్చిందన్నమాట.) కంటికి ఆనే ప్రిజానికి ఈ బాధ లేదు. పసుపు వేలాల రోజుల్లో తీసేవాళ్లు ప్రిజాన్నే మెచ్చుకోవడానికి కారణం ఇదే కావచ్చు. అయితే నేలమీది పసుపు కుప్పలను, వాటి పక్కన కూర్చున్న రైతులను వారి ఎత్తులోనే పట్టాలంటే వంగకుండా పని జరిపేది వెయిస్ట్ లెవెలే.

చెరకు, బండ్లు

చక్కెర మిల్లు అనగానే శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ గుర్తుకొస్తుంది. స్థాపన 1937 అని ఎక్కువ ఆధారాలు, 1938 అని కొన్ని. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2015 డిసెంబరులో మూతపడింది. బోధన్ చుట్టూ చెరకు సాగు తగ్గినా పూర్తిగా పోలేదు. కోతల కాలంలో రోడ్డుమీద కదిలే లోడు ట్రాక్టరును తీయబోతే వెయిస్ట్ లెవెల్ ఫైండర్ మోసం చేస్తుంది: ఎడమకు పోయేది తెరమీద కుడికి పోతుంది, కెమెరాను అటే తిప్పితే బండి ఫ్రేములోంచి జారిపోతుంది. చేయి అలవాటు పడటానికి కొన్ని రోల్స్ ఖర్చవుతాయి. రోలీఫ్లెక్స్, యాషికామ్యాట్ గూళ్లలో రేకు తోసి చూసే స్పోర్ట్స్ ఫైండర్ ఇందుకే ఉంది. ఫోకస్ ముందే దూరం లెక్కకట్టి పెట్టుకోవాలి.

ఆరేడడుగులు దాటిన తోట పక్కన నడుము ఎత్తు నుంచి చూస్తే ఆకులు తప్ప ఏమీ కనబడవు. పాత పత్రికా ఛాయాగ్రాహకుల చిట్కా ఒకటుంది: కెమెరాను తలకిందులు చేసి చేతులు చాచి ఎత్తిపట్టి, కిందినుంచి తెరను చూడటం. ప్రిజంతో ఇది కుదరదు.

చీకటి మంటపాలు

బోధన్‌లోని దేవల్ మసీదు మొదట రాష్ట్రకూటుల నాటి జైనాలయమని, తుగ్లక్ కాలంలో మసీదు అయిందని విస్తృతంగా చెప్పే కథనం. స్తంభాలపై తీర్థంకరుల ఆకృతులు ఉండటం దీనికి బలమిస్తుంది. ఇలాంటి మసక చోట గాజు ప్రిజం వల్ల తగ్గే వెలుతురు కొద్దిదే, కానీ మామియా సీ వరుసకు దొరికే అద్దాల పోరోఫైండర్ తేలికైనదైనా మసకగా ఉంటుంది. స్టాండు మీద కెమెరాను కంటికంటే ఎత్తు పెడితే మాత్రం వెయిస్ట్ లెవెల్ ఫైండర్‌లో చూడటానికి పీట వెతుక్కోవాలి.

ఫ్రేము ఆకారం, బరువు

6×6 చతురస్రానికి (రోలుకు 12 బొమ్మలు) ఏ ఫైండరైనా సరిపోతుంది. 6×4.5 కెమెరాను నిలువు బొమ్మకు పక్కకు తిప్పితే వెయిస్ట్ లెవెల్‌తో చూడటం దాదాపు అసాధ్యం; వాటికి ప్రిజమే దారి. మామియా ఆర్బీ67లో వెనకభాగమే తిరుగుతుంది కనుక ఈ చిక్కు లేదు.

గాజు ప్రిజం బరువు మడతగూటికి కొన్ని రెట్లు. నిజామాబాద్ నుంచి బోధన్‌కు సుమారు పాతిక కిలోమీటర్లే, కాని ఊళ్లలో నడిచేదంతా భుజం మీదే. అందుకని చతురస్రపు కెమెరా ఉన్నవారికి భూతద్దం ఉన్న వెయిస్ట్ లెవెల్ ఫైండర్, తువాల చాలుననే పక్షమే సబబుగా తోస్తుంది. కదిలే బండ్లే ప్రధానమైతే 45 డిగ్రీల ప్రిజం. గూటి రేకులు పలుచనివి, సంచిలో నొక్కుకుపోతాయి. తెరమీద పడిన దుమ్ము చూడటానికి చికాకే గాని ఫిల్మ్‌పైకి రాదు. మీటరున్న ప్రిజం గానీ కెమెరా గానీ కొనేవారు దాని సెల్ ఏమిటో ముందే చూసుకోవాలి: యాషికామ్యాట్ 124జీ మీటరు వంటివి ఇప్పుడు తయారుకాని 1.35 వోల్టుల పాదరసపు సెల్‌కు లెక్కకట్టినవి, 1.5 వోల్టుల మామూలు సెల్‌తో అవి తప్పు కొలత చూపవచ్చు.