చూసే కన్ను ఎవరిది?

తిరుపతి బస్టాండులో దిగిన దగ్గర్నుంచి అలిపిరి చేరేదాకా ఎక్కడ తలెత్తినా కెమెరాలే. నగల షాపుల్లో, హాస్టళ్లలో, అపార్టుమెంటు మెట్ల దగ్గర "మీరు సిసి కెమెరాల నిఘాలో ఉన్నారు" అనే బోర్డులు. కూతుర్ని చదువుకోసం హాస్టల్లో దింపి వెళ్లే తల్లి ఆ బోర్డు చూసి కొంచెం ధైర్యం తెచ్చుకుంటుంది. వెదురు బుట్టలు నెత్తిన పెట్టుకుని అదే వీధిలోకి వచ్చే ఎరుకల స్త్రీకి ఆ మాట ఇంకోలా అర్థమవుతుంది. ఒకే వాక్యం ఒకరికి అభయం, ఇంకొకరికి బెదిరింపు ఎందుకయింది? ఈ తేడా కెమెరాతో పుట్టింది కాదు. దీని వెనక వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. కెమెరాలు స్త్రీల భద్రత కోసమే అని చెప్తున్నప్పుడు ఆ చరిత్రని మనం ఒకసారి తిరగేసి చూడాలి.

నారాయణవనం కథ తెలియనివాళ్లు ఈ ప్రాంతంలో ఉండరు. పద్మావతిని పెళ్లాడాలనుకున్న శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం కట్టి ఆకాశరాజు ఇంటికి వెళ్తాడు. ధరణీదేవి ఆమెను లోపలికి పిలిపించుకుని, కూర్చోబెట్టి, సోది చెప్పించుకుంటుంది. ఎరుక అంటే తెలివిడి. కథ కథే కావచ్చు. కానీ ఊళ్లు తిరిగే స్త్రీకి గడప లోపల ఒక చోటు, ఆమె మాటకి ఒక విలువ ఉండేవన్న జ్ఞాపకం అందులో మిగిలి ఉంది.

ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తాలూకాల్నీ కొన్ని జమీందారీల్నీ కలిపి 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లాని ఏర్పాటు చేశారు. సరిగ్గా అదే ఏడాది నేరస్థ తెగల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. 1871లో ఉత్తరాదిన మొదలైన ఈ చట్టం ప్రకారం ప్రభుత్వం ఒక తెగని నేరస్థ తెగగా ప్రకటిస్తే చాలు, అందులో పుట్టినవాళ్లు ఏ నేరమూ చెయ్యకపోయినా అనుమానితులే. పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. వేలిముద్రలు ఇవ్వాలి. చెప్పిన వేళకి వెళ్లి హాజరు పలకాలి. ఊరు మారితే చెప్పి మారాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ జాబితాకెక్కిన వాళ్లలో ఎరుకలవాళ్లు, కొరవలు ముఖ్యులు.

వీళ్లు అంతకు ముందు ఏం చేసేవారు? మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన 'డిసానర్డ్ బై హిస్టరీ' అనే పుస్తకం ఈ ప్రశ్నకి జవాబు వెతికింది. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సముద్రతీరానికీ లోపలి ఊళ్లకీ మధ్య తిరిగిన వర్తకులు వాళ్లు. ప్రభుత్వ ఉప్పు విధానం, రైళ్లు కలిసి ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. బతుకు పోగొట్టిన పాలకులే ఆ తర్వాత వాళ్ల తిరుగుడుని నేరం చేశారు. తిరగడం మానిపించడానికి సెటిల్‌మెంట్లు వచ్చాయి. గుంటూరు జిల్లాలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్టుపురం అలాంటిదే. అక్కడి మనుషుల్ని చీరాల పొగాకు కంపెనీలో పనికి పెట్టారు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో ఉంచే అధికారం కూడా చట్టం ఇచ్చింది. సోది చెప్పుకుంటూ, బుట్టలమ్ముకుంటూ తన సంపాదన తను చూసుకున్న స్త్రీ, నీతి నేర్పాల్సిన మనిషి అయిపోయింది. గడప లోపలికి పిలిచిన మనిషినే గడప బయట నిలబెట్టి అనుమానంగా చూడడం మనం అప్పుడే నేర్చుకున్నాం.

చట్టాన్ని మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దు చేశారు. కానీ దాని స్థానంలో అలవాటుపడ్డ నేరస్థుల మీద ఆంక్షల చట్టాలు వచ్చాయి. రిజిస్టరు పేరు మారింది గానీ చూపు మారలేదు. ఊళ్లో దొంగతనం జరిగితే మొదటి అనుమానం ఎవరి గుడిసె మీదికి పోతుందో మనకి తెలియనిది కాదు.

ఇంటి కెమెరాకి ఇంకో చరిత్ర కూడా ఉంది. దాన్ని స్త్రీలుగా మనం మర్చిపోకూడదు. న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నల్లజాతి నర్సు ఉండేది. ఆమెవీ భర్తవీ వేళాపాళా లేని ఉద్యోగాలు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరైనా తలుపు తడితే భయం. పోలీసుల్ని పిలిస్తే ఎప్పటికో గానీ రారు. అందుకని ఆమె, ఎలక్ట్రానిక్స్ పని తెలిసిన భర్త ఆల్బర్ట్ కలిసి 1966లో ఒక ఏర్పాటుకి పేటెంట్ కోసం దరఖాస్తు చేశారు. తలుపుకి వేర్వేరు ఎత్తుల్లో నాలుగు రంధ్రాలు. వాటి వెంట పైకీ కిందికీ జరిగే కెమెరా. పడగ్గదిలో తెర, బయటి మనిషితో మాట్లాడేందుకు మైకు, అక్కడినుంచే తలుపు గడియ తీసే బటన్, సాయం పిలిచేందుకు ఇంకో బటన్. 1969 డిసెంబరు 2న పేటెంట్ వచ్చింది. ఇళ్లల్లో పెట్టుకునే భద్రతా కెమెరాలకి మూలం ఒక స్త్రీ భయం, ఆమె ఆలోచన. ఆ ఏర్పాటులో తెర ఆమె చేతిలోనే ఉంది. తలుపు తియ్యాలా వద్దా అనేది ఆమె ఇష్టం.

మన దగ్గరికి వచ్చేసరికి ఆ తెర ఎవరి చేతిలోకి వెళ్లింది? 2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తర్వాత స్త్రీల భద్రతకి కెమెరాలే మందు అన్న మాట దేశమంతా విన్పించింది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం వచ్చింది. ఒకేసారి వందమంది గానీ రోజుకి 500 మంది గానీ వచ్చే చోట్ల కెమెరాలు పెట్టాలి, దృశ్యాల్ని 30 రోజులు దాచి పోలీసులు అడిగితే ఇవ్వాలి. గుళ్లు, బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు అన్నీ దీని కిందికి వస్తాయి. ఆ దృశ్యంలో ఉన్న స్త్రీ తనకోసం దాన్ని అడిగితే ఎవరిస్తారు? ఆమె కదలికల్ని యజమానీ వాచ్‌మనూ కాలక్షేపానికి చూస్తే అడ్డుకునేదెవరు?

తర్వాత తాళం వేసిన ఇళ్ల మీద నిఘా వచ్చింది. ఊరెళ్లేవాళ్లు పోలీసుల యాప్‌లో చెప్తే, వాళ్లొచ్చి కదలికల్ని పసిగట్టే కెమెరా బిగించి వెళ్తారు. ఎవరైనా లోపలికొస్తే కంట్రోల్ రూముకి కబురు అందుతుంది. దొంగల భయం నిజమే, ఏర్పాటూ మంచిదే. కానీ ఇది మనుషులు లేని ఇంటికి కాపలా. స్త్రీలపై నేరాల్లో ఏటేటా మొదటి స్థానం భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వానిదే అని జాతీయ నేర గణాంకాలే చెప్తున్నాయి. తాళం తీసి ఉన్న ఇంట్లో, అందరూ ఉండగా జరిగే ఆ హింసని గుమ్మం మీది కెమెరా చూడదు. పైగా భార్య ఎక్కడికెళ్లింది, ఎవరొచ్చారు అని ఆఫీసులోంచే ఫోన్లో చూసుకునే భర్తకి అదే కెమెరా కొత్త ఆయుధం.

చూడడం వేరు, కాపాడడం వేరు అని తిరుపతే మనకి చెప్పింది. 2023 మార్చిలో తిరుమలలో ముఖాల్ని గుర్తుపట్టే పరిజ్ఞానం కూడా ప్రవేశపెట్టారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ఏకాదశి టోకెన్ల కోసం వచ్చినవాళ్లు తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. వాళ్లలో ఐదుగురు స్త్రీలు. సరైన వరసలు, సరిపడా మనుషులు, సమయానికి ఒక నిర్ణయం చెయ్యాల్సిన పనిని ఏ కెమెరా చెయ్యలేదు.

కన్ను లేని చోట్లూ ఉన్నాయి. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది తమిళనాడు కూలీలు చనిపోయారు. ఆత్మరక్షణ కోసమే కాల్చామని పోలీసులన్నారు. దారిలో బస్సుల్లోంచి దింపి తీసుకెళ్లారని కుటుంబాలన్నాయి. నిజం కోసం కోర్టుకెక్కినవాళ్లలో చనిపోయినవాళ్ల భార్యలూ ఉన్నారు. అధికారాన్ని చూడాల్సిన వేళ చూపించడానికి వాళ్ల చేతుల్లో ఏ దృశ్యమూ లేదు.

కాబట్టి కెమెరాలు వద్దు అనడం నా ఉద్దేశం కాదు. అవి ఎటు తిరిగి ఉన్నాయన్నదే ప్రశ్న. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీసుస్టేషన్‌లో, లాకప్‌లతో సహా, కెమెరాలు పెట్టాలని, దృశ్యాల్ని 18 నెలలు, అంతకాలం వీలు కాకపోతే కనీసం ఏడాదైనా దాచాలని చెప్పింది. రాష్ట్ర స్థాయి పర్యవేక్షణ కమిటీలో మహిళా కమిషన్‌కి చోటిచ్చింది. రమీజాబీ నుంచి ఇప్పటిదాకా స్టేషన్ గోడల మధ్య ఏం జరుగుతుందో తెలిసిన మనకి ఈ తీర్పు విలువ తెలుసు. చాటుగా స్త్రీల దృశ్యాలు తియ్యడం 2013 నుంచి నేరం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆధారాలు మన చేతిలో ఉన్నాయి.

ఇక అడగడమే మిగిలింది. మన హాస్టల్లో తెర ముందు ఎవరు కూర్చుంటున్నారు? దృశ్యాల్ని ఎన్నాళ్లు ఉంచుతున్నారు, ఎవరికి ఇస్తున్నారు? మన ఊరి స్టేషన్‌లో కెమెరా పనిచేస్తోందా? మన వీధిలో బుట్టలమ్మే స్త్రీని దొంగగా చూసే గ్రూపు మెసేజీని ఖండించామా? మన భద్రత పేరుతో ఇంకో స్త్రీ అనుమానితురాలు అవుతుంటే ఆ భద్రత మనకక్కర్లేదని ముందుగా చెప్పాల్సింది మనమే.