తెల్లదోమ: జగిత్యాల ప్రాంత పంటల్లో గుర్తింపు, నివారణ

తెల్లదోమ (శాస్త్రీయ నామం బెమిసియా టబాసి) ఆకుల రసం పీల్చే పురుగు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో పత్తి, బెండ, టమాట, మిరప, పెసర, మినుము పంటల్ని ఆశిస్తుంది. దీని ఉధృతి మందులు చాలక వచ్చేదని సాధారణంగా అనుకుంటారు. చాలా సందర్భాల్లో అది అదను తప్పి, తప్పు మందు కొట్టడం వల్ల వచ్చేది. నివారణ అక్కడి నుంచే మొదలుకావాలి.

గుర్తించాలంటే ఆకు తిరగేసి చూడాలి. పెద్ద పురుగు సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుంది. లేత పసుపు ఒంటి మీద తెల్లని మైనపు పొడి అద్దిన రెక్కలు. మొక్కను కదిలిస్తే గుంపుగా లేచి మళ్లీ ఆకు అడుగునే వాలుతుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్లపురుగు కొద్ది దూరం పాకి, ఒకచోట అతుక్కుని పొలుసులా ఉండిపోతుంది. పచ్చదోమ పిల్లలైతే పక్కకు చకచకా నడుస్తాయి. వాటి వల్ల ఆకు అంచులు పసుపెక్కి ముడుచుకుంటాయి. తెల్లదోమ విసర్జించే తేనెలాంటి జిగురు మీద నల్లని మసి బూజు పెరుగుతుంది. వేడి వాతావరణంలో మూడు వారాలకో తరం పూర్తవుతుంది కనుక, ఎగిరే వాటిని మాత్రమే చంపే పిచికారీ పొలుసుల్లా అతుక్కున్న పిల్లల్ని వదిలేసినట్టే.

రసం పీల్చడం కన్నా వైరస్‌ను మోయడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ. పెసర, మినుములో పల్లాకు తెగులు, బెండలో శంఖు రోగం, టమాటలో ఆకుముడత దీనితోనే వ్యాపిస్తాయి. తెగులు సోకిన మొక్కను ఏ మందూ బాగు చేయలేదు.

1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో తెల్లదోమ విజృంభించింది. కాయతొలుచు పురుగు కోసం సింథటిక్ పైరిత్రాయిడ్లను పదేపదే కొట్టడం అందుకు ఒక ముఖ్య కారణం. ఆ మందులు తెల్లదోమ పిల్లల్లో గుడ్లు పెట్టే ఎన్కార్సియా వంటి పరాన్నజీవుల్ని, అల్లికరెక్క పురుగుల్ని చంపేశాయి. దోమ మాత్రం తట్టుకుని నిలిచింది. బీటీ పత్తి వచ్చాక ఈ బెడద తీరిందనడానికి లేదు. బీటీ విషం కాయతొలుచు పురుగులకే గానీ రసం పీల్చే వాటికి పనిచేయదు. 2015లో పంజాబ్ పత్తిని తెల్లదోమ దెబ్బతీసింది బీటీ కాలంలోనే.

కొద్దిపాటి దోమలే వైరస్‌ను అంటిస్తాయి కదా, మందు కొట్టకుండా ఆగి చూస్తే పంట మిగులుతుందా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే దానికి జవాబు ముందస్తు రక్షణలో ఉంది, మందు మీద మందులో కాదు. పెసర, మినుములో తెగులును తట్టుకునే రకాలు ఎంచుకుని, కిలో విత్తనానికి 5 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్‌ఎస్ పట్టిస్తే లేత దశ గట్టెక్కుతుంది. రకం ఒక్కదాన్నే నమ్ముకోవడమూ సరికాదు. బెండలో అర్క అనామిక రకం శంఖు రోగాన్ని తట్టుకునే గుణాన్ని కాలక్రమంలో చాలాచోట్ల కోల్పోయింది. అందుకే పొలం చుట్టూ మూడు నాలుగు వరుసల జొన్న లేదా మొక్కజొన్న వేయాలి, గట్ల మీది తుత్తురబెండను తీసేయాలి, పల్లాకు సోకిన మొక్కల్ని కనిపించగానే పీకి పాతిపెట్టాలి. పసుపు జిగురు అట్టలు పురుగు రాకను ముందే పట్టిస్తాయి. తొలిదశలో లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె (1500 పీపీఎం) చాలు.

పత్తిలో ఆకుకు ఆరు నుంచి ఎనిమిది పెద్ద పురుగులు దాటాకే రసాయనం అవసరం. లీటరుకు 1.25 గ్రాముల డయాఫెన్‌థియురాన్ ఆకు అడుగు తడిసేలా కొట్టాలి, మరుసటి విడత మందు మార్చాలి. పైరిత్రాయిడ్లకు ఇందులో చోటు లేదు. పక్క చేను దోమ మన చేలోకి వస్తుందన్నది నిజమే. అందుకే కలుపు తీత, అట్టల ఏర్పాటు ఊరంతా ఒకేసారి చేయాల్సిన పని. పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం సలహా కూడా పిచికారీకి ముందు అడిగితేనే అక్కరకొస్తుంది.